చెవిలో హోరు, సీసాలో పసుపు

ఫ్యాన్ ఆగితే గాని ఆ చప్పుడు బయటపడదు. వేసవి రాత్రి కరెంటు పోతుంది. ఇంట్లోని మోతలన్నీ ఒక్కసారిగా అణిగిపోతాయి. అప్పుడు మొదలవుతుంది చెవిలో కీచురాయి. లేచి కిటికీ మూసినా ఆగదు. పక్కన పడుకున్నవాళ్ళను లేపి అడిగితే వాళ్ళకేమీ వినపడదు. కొందరికది కుక్కర్‌లోంచి ఆవిరి పోతున్నట్టు సన్నటి ఈల, కొందరికి సముద్రపు హోరు, ఇంకొందరికి వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ గుయ్‌మంటున్నట్టు. డాక్టర్లు దీన్ని టిన్నిటస్ అంటారు. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం లెక్కపెట్టిన 28 చెవి రోగాల్లో కర్ణనాదం, కర్ణక్ష్వేడం అని రెండు పేర్లున్నాయి. మన ఇళ్ళల్లో మాత్రం ‘చెవుల్లో హోరు’ అన్న మాటే వాడుక.

2022లో ‘జామా న్యూరాలజీ’ పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం ప్రపంచంలో పెద్దవాళ్ళలో దాదాపు 14 శాతం మందికి, అంటే 74 కోట్ల పైచిలుకు జనానికి, ఈ హోరు ఎంతో కొంత తెలుసు. వాళ్ళలో 12 కోట్ల మందికి అది తీవ్రమైన బాధ. ఇంతమందిని పట్టిన ఈ బాధకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించిన మాత్ర ఒక్కటీ లేదు. మందుల షాపులో ఆ అర ఖాళీగా ఉంది గనక దాన్ని నింపడానికి చాలా సరుకు వచ్చిపడింది: జింకో ఆకు సారం, జింక్, మెలటోనిన్, బి12. ఇప్పుడు వాటి పక్కన పసుపు రంగు క్యాప్సూల్స్ నిలబడ్డాయి. లేబుల్ మీద ‘కర్క్యుమిన్ 95 శాతం, మిరియాల సారంతో’ అని ఉంటుంది.

తెలుగువాళ్ళకి ఈ సీసా మీద అనుమానం పుట్టడం కష్టం. గడప నుంచి గాయం దాకా, పోపు నుంచి పెళ్ళి నలుగు దాకా పసుపు లేని చోటేదీ? ఆర్మూరు చేలల్లో పండుతుంది, దుగ్గిరాల యార్డులో అమ్ముడవుతుంది. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగానే మొదలైంది. పసుపుతో గాయాలు మాన్పడం మీద మిసిసిపీ యూనివర్సిటీ వైద్య కేంద్రానికి 1995లో దక్కిన అమెరికా పేటెంటును మన సీఎస్‌ఐఆర్ పట్టుబట్టి 1997లో రద్దు చేయించిన కథ బడిపిల్లలు కూడా చెబుతారు. అయితే ఆ కేసులో తేలింది గాయాల మాట. చెవి మాట వేరే తేల్చాలి.

అసలు హోరుకీ పసుపుకీ లంకె ఎక్కడ కుదిరింది? లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియా ఉంటుంది. అందులో ఒక్కో చెవికి సుమారు 3,500 లోపలి రోమకణాలు, 12,000 బయటి రోమకణాలు. శబ్దం తాకగానే ఇవి ఊగి, ఆ ఊపును నాడీ సంకేతంగా మారుస్తాయి. డీజే బాక్సుల మోత, వయసు, కొన్ని మందులు వీటిని చంపుతాయి. చచ్చేటప్పుడు కణంలో జరిగేది ఎక్కువగా ఆక్సీకరణ దాడి, దాని వెంట వాపు. పసుపులోని కర్క్యుమిన్‌కు ఆ రెండింటినీ అడ్డుకునే గుణం ఉందని ప్రయోగశాలల్లో వందల పేపర్లు చెబుతున్నాయి. సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందుకు వినికిడిని దెబ్బతీస్తుందన్న చెడ్డపేరు ఉంది. ఆ మందు ఎక్కించిన ఎలుకలకు కర్క్యుమిన్ కూడా ఇస్తే రోమకణాల నష్టం తగ్గినట్టు కనిపించింది. ‘పసుపు చెవికి మంచిది’ అనే ప్రచారానికి పునాది ఇలాంటి ప్రయోగాలే.

పునాది అబద్ధం కాదు. దాని మీద కట్టిన మేడ మాత్రం చాలా ఎత్తుగా ఉంది. ఎలుకకు కర్క్యుమిన్ ఇచ్చింది దెబ్బ తగిలే వేళకు. మనిషి సీసా కొనేది హోరు మొదలై నెలలో, ఏళ్ళో గడిచాక. కోళ్ళకీ పిచ్చుకలకీ చచ్చిన రోమకణాల చోట కొత్తవి మొలుస్తాయి గాని, మనతో సహా క్షీరదాలకు మొలవవు. వాన రాకముందు కప్పిన టార్పాలిన్ కళ్ళంలో ధాన్యాన్ని కాపాడుతుంది. తడిసి మొలకెత్తాక అదే టార్పాలిన్ ఎంత మందంగా కప్పితే ఏం లాభం?

ఇంకో చిక్కుంది. ఆ చప్పుడు చాలామందిలో చెవిలో పుట్టడం లేదు.

1953లో ఇద్దరు అమెరికన్ పరిశోధకులు, హెల్లర్, బెర్గ్‌మన్, వినికిడి చక్కగా ఉన్న 80 మందిని ఒక్కొక్కరిగా శబ్దం చొరబడని గదిలో కూర్చోబెట్టారు. ఏం వినిపించిందో చెప్పమన్నారు. వినడానికి అక్కడ ఏమీ లేదు. అయినా కొద్ది నిమిషాల్లోనే 94 శాతం మంది గుయ్‌మని, సన్నగా మోగుతున్నట్టు, గాలి వీస్తున్నట్టు ఏదో ఒకటి విన్నామన్నారు. నిశ్శబ్దం దొరికితే మెదడు వెతుకులాట మొదలుపెడుతుంది. స్టేషన్ సరిగా అందకపోతే రేడియో వాల్యూమ్ పెంచుతాం కదా, వార్తలతో పాటు గరగర కూడా పెరుగుతుంది. కొన్ని రోమకణాలు పోయి ఏదో ఒక శ్రుతిలోని శబ్దం నుంచి సంకేతాలు తగ్గితే, మెదడులోని వినికిడి మార్గం అదే పని చేస్తుంది. తన సొంత వాల్యూమ్ పెంచుకుంటుంది. ఆ గరగరే హోరు. ఇప్పటికి ఎక్కువమంది శాస్త్రవేత్తలు ఒప్పుకునే వివరణ ఇది. దీనికి ఒక మొరటు సాక్ష్యం ఆపరేషన్ థియేటర్లో దొరికింది. వినికిడి నరం దగ్గర పెరిగిన కంతిని తీసే క్రమంలో ఆ నరాన్నే కోసేయాల్సివచ్చిన రోగుల్లో చాలామందికి హోరు పోలేదు. కొందరికి ఇంకా ముదిరింది. తీగ తెగినా మోగే ఫోను ఎక్కడ మోగుతున్నట్టు?

కాబట్టి క్యాప్సూల్ చేయాల్సిన ప్రయాణం చిన్నది కాదు. నోట్లోంచి పేగులోకి, పేగులోంచి కాలేయం దాటి రక్తంలోకి, అక్కణ్ణుంచి లోపలి చెవి రక్తనాళాల అడ్డుగోడనో మెదడు అడ్డుగోడనో దాటి అవతలికి. కర్క్యుమిన్ అంత దూరం ప్రయాణించే సరుకేనా? దీన్ని తేల్చడానికి వంటింట్లో తెలిసిన సంగతులు చాలు. నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది, అందుకే పోపులో వేసిన పసుపు కూరంతా పరుచుకుంటుంది. సున్నం తగిలితే ఎర్రబడుతుంది, పారాణి రంగు అదే. తెల్లచొక్కా మీద మరక ఎంత ఉతికినా పోదు గాని, ఎండలో ఆరేస్తే వెలిసిపోతుంది. నిలకడ లేని అణువు అది. ప్రయోగశాలలో కొలిచినవాళ్ళ మాట ఇంకా కటువు: మన ఒంటి వేడిలో, రక్తానికి దగ్గరి క్షారతలో, సీరం లేని ద్రావణంలో పెడితే అరగంటలో దాదాపు 90 శాతం విచ్ఛిన్నమైపోయింది.

బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ పరిశోధకులు 1998లో చేసిన ప్రయోగం ఈ వ్యాపారానికంతటికీ మూలమలుపు. ఆరోగ్యవంతులకు రెండు గ్రాముల కర్క్యుమిన్ ఒక్కటే ఇస్తే రక్తంలో దాని జాడ ఉందా లేదా అన్నట్టుంది. దానికి 20 మిల్లీగ్రాముల పైపరిన్, అంటే మిరియాల ఘాటుకు కారణమైన పదార్థం, కలిపి ఇస్తే శరీరానికి అందిన మోతాదు ఇరవై రెట్లు పెరిగింది. ప్రతి సీసా మీదా ‘మిరియాల సారంతో’ అని రాయడం అప్పటి నుంచి ఆనవాయితీ అయింది. పైపరిన్ చేసే పని ఏమిటంటే, పేగూ కాలేయమూ పరాయి పదార్థాలను విరిచి బయటికి పంపే యంత్రాంగాన్ని మందగింపజేయడం. ఆ యంత్రాంగం కర్క్యుమిన్ కోసమే పుట్టింది కాదు. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, ఉబ్బసానికి ఇచ్చే థియోఫిలిన్, బీపీకి వాడే ప్రొప్రనొలాల్ కూడా పైపరిన్ తోడైతే రక్తంలో పెరుగుతాయని ప్రయోగాల్లో తేలింది. రసంలో మిరియం వేరు, రోజూ మింగే సారం వేరు.

పసుపు సంగతీ అంతే. మంచి పసుపు పొడిలో కర్క్యుమిన్ బరువులో సుమారు మూడు శాతం. టీస్పూను నిండా వేస్తే మూడు గ్రాముల పొడి, అందులో కర్క్యుమిన్ వంద మిల్లీగ్రాముల లోపు. నలుగురు తినే పప్పులో పడేది ఆ టీస్పూనులో పావో సగమో. 500 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌లో 95 శాతం కర్క్యుమినాయిడ్లంటే, ఒక్క గుటకలో ఐదు టీస్పూన్ల పసుపు సారం. దాన్ని రోజుకు రెండుసార్లు వేసుకోమనే లేబుళ్ళున్నాయి. ఆహార సంకలితంగా కర్క్యుమిన్‌కు ఎఫ్‌ఏఓ, ప్రపంచ ఆరోగ్య సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం పెట్టిన రోజువారీ హద్దు కిలో బరువుకు మూడు మిల్లీగ్రాములు. అరవై కిలోల మనిషికి 180. ‘తరతరాలుగా తింటున్నదే కదా’ అనే మాట ఇక్కడికొచ్చేసరికి చెల్లదు. తరతరాలుగా ఎవరూ ఇలా తినలేదు.

2017లో క్యాథరిన్ నెల్సన్, గైడో పౌలి, మైఖేల్ వాల్టర్స్ తదితరులు ‘జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీ’లో కర్క్యుమిన్ మీద పెద్ద సమీక్ష రాశారు. పరీక్షనాళికలో ఏ ప్రొటీన్ పెట్టినా ఈ అణువు ఏదో విధంగా అంటుకుని, మెరిసి, ‘పనిచేస్తున్నట్టు’ కొలతల్ని ఏమారుస్తుందని వాళ్ళ వాదన. 120కి పైగా క్లినికల్ ప్రయోగాలను చూశాక, డమ్మీ మాత్రతో పోల్చి, ఎవరికేది ఇచ్చారో ఎవరికీ తెలియకుండా జరిపిన పరీక్షల్లో నెగ్గినదొక్కటీ కనిపించలేదన్నారు. దీనికి ఎదురు వాదనలూ వచ్చాయి. మోకాలి నొప్పుల్లో కొంత ఉపశమనం చూపిన చిన్న చిన్న ప్రయోగాలున్నాయి. అయినా అసలు సంగతి ఇది: ప్రయోగశాలలో వాపు తగ్గించడం ఒకటి, మనిషి చెవిలో హోరు తగ్గించడం మరొకటి. వాపు తగ్గించే మందులన్నీ చెవికి మేలనుకోవడానికి కూడా లేదు. ఒకప్పుడు కీళ్ళవాతానికి ఆస్పిరిన్ ఇచ్చే డాక్టర్లు చెవులు మోగేదాకా డోసు పెంచి, మోగగానే ఒక మెట్టు తగ్గించేవాళ్ళు. పేరుమోసిన ఆ వాపుమందే పెద్ద మోతాదులో హోరు పుట్టిస్తుంది.

మరి ‘నాకు తగ్గింది’ అనేవాళ్ళో? వాళ్ళు అబద్ధమాడుతున్నారని ఎవరూ అనరు. కానీ హోరుకు ఆటుపోట్లుంటాయి. నిద్ర చాలని వారం పెరుగుతుంది, జలుబు తగ్గాక తగ్గుతుంది, ఇంట్లో గొడవ జరిగిన రోజు చెవి చిల్లులు పడేలా మోగుతుంది. మనిషి మందు వెతుక్కునేది పోటు మీదున్నప్పుడు. ఆ తర్వాత రాబోయేది ఎలాగూ ఆటే. మధ్యలో మింగినదేదైనా, పసుపైనా పటికబెల్లమైనా, పేరు కొట్టేస్తుంది.

ఈ ఆటుపోట్లను తప్పించుకునే దారి ఒక్కటే, డమ్మీ మాత్రతో పోల్చి చూడటం. జింకోతో ఆ పని చేశారు. బర్మింగ్‌హామ్ పరిశోధకులు డ్రూ, డేవీస్ టిన్నిటస్ ఉన్న వెయ్యిమందికి పైగా మనుషులకు పోస్టులో మాత్రలు పంపి, ఫోన్లో వివరాలు అడిగి, పన్నెండు వారాలు నడిపించారు. ఫలితం 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. అసలు జింకో తీసుకున్న 360 మందిలో 34 మంది బాధ తగ్గిందన్నారు. డమ్మీ మాత్ర తీసుకున్న 360 మందిలో 35 మంది. ఆ 34 మందినీ విడిగా కలిసి మాట్లాడితే జింకో మహిమను ఎవరు కాదనగలరు? టిన్నిటస్ విషయంలో పసుపుకు ఇంత పెద్ద పరీక్ష జరగనే లేదు. 2016లో క్లాడియా కోయెల్యో బృందం 53 దేశాల్లో 1,788 మంది టిన్నిటస్ బాధితుల్ని అడిగింది. దాదాపు నాలుగో వంతు మంది ఏదో ఒక సప్లిమెంట్ వాడి చూసినవాళ్ళే. వాడినవాళ్ళలో 70 శాతం మంది ఏ తేడా లేదన్నారు, 19 శాతం మేలన్నారు, 10 శాతం మందికి హోరు ఇంకా పెరిగింది. అమెరికా ఈఎన్‌టీ నిపుణుల అకాడమీ 2014 మార్గదర్శకాలు వీటన్నిటినీ ఒకే వాక్యంలో తోసిపుచ్చాయి: ఎడతెగని హోరుకు జింకో గాని, మెలటోనిన్ గాని, జింక్ గాని, ఇతర ఆహార సప్లిమెంట్లు గాని సిఫారసు చేయవద్దు.

ఒక్కో మందూ ప్రయత్నించి చూడటం కొత్త జబ్బేమీ కాదు. 1801 జూన్ 29న బీథోవెన్ తన పాత మిత్రుడు, డాక్టరు వెగెలర్‌కు రాసిన ఉత్తరంలో ఒక డాక్టరు ఇచ్చిన బాదం నూనె గురించి, ఇంకొకరు చెప్పిన చన్నీళ్ళ స్నానం గురించి, వేరొకరు చెప్పిన డాన్యూబ్ గోరువెచ్చని నీళ్ళ స్నానం గురించి చెప్పుకున్నాడు. పొట్ట బాగుపడింది. ఒంట్లో ఓపిక వచ్చింది. చెవులు మాత్రం రాత్రీ పగలూ మోగుతూనే ఉన్నాయని వాపోయాడు. పసుపు క్యాప్సూల్ వాడేవాళ్ళలో కొందరి అనుభవం అచ్చం ఇదే: మోకాళ్ళు తేలికైనట్టుంది, చెవి మాత్రం అలాగే ఉంది.

ఆ సీసా ఖర్చులో మొదటి భాగం ఆడియోగ్రామ్ అనే వినికిడి పరీక్షకు పోతే మేలు. ఎందుకంటే కొందరి హోరుకు కారణం కళ్ళెదుటే ఉంటుంది. గట్టిపడిన గులిమి తీస్తే ఆగిపోయిన హోరులున్నాయి. కొందరికి రక్తహీనత, కొందరికి థైరాయిడ్, కొందరికి టీబీకో మరోదానికో వాడిన స్ట్రెప్టోమైసిన్ తరహా ఇంజెక్షన్లు. హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రిలో వినికిడి పరీక్ష చేస్తారు. సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రమూ ఉంది. వినికిడి తగ్గిందని తేలితే హియరింగ్ ఎయిడ్ రెండు పనులు చేస్తుంది: మాటలు వినిపిస్తుంది, మెదడుకు కరువైన శబ్దాన్ని తిరిగి అందించి దాని సొంత గరగరను వెనక్కి నెడుతుంది. కొన్ని రకాల హోరు విషయంలో మాత్రం తాత్సారం చేయకూడదు. ఒక్క చెవిలోనే మోగడం, నాడి కొట్టుకున్నట్టు లయగా కొట్టుకోవడం, తల తిరగడం తోడవడం వంటివి కనిపిస్తే స్కాన్ దాకా వెళ్ళాల్సి రావచ్చు. రాత్రికి రాత్రి ఒక చెవి వినపడకుండా పోయి హోరు మొదలైతే అది అత్యవసరం. స్టెరాయిడ్ చికిత్స మొదటి రెండు వారాల్లోపే మొదలవాలి, ఎంత ముందైతే అంత మంచిది. పసుపు పాలు తాగి చూద్దామని ఆగిన పది రోజులు ఆ చెవికి తిరిగి రావు. చెవిలో పసుపు నీళ్ళో వెల్లుల్లి కాచిన నూనో పోయడం అంతకన్నా ప్రమాదం. కర్ణభేరికి చిల్లు ఉంటే అవి నేరుగా లోపలికే దిగుతాయి.

పాత హోరుకు ఇప్పటిదాకా గట్టి రుజువున్న చికిత్స మింగేది కాదు. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, సీబీటీ అనే మాటల చికిత్స మీద 2020లో కాక్రేన్ సమీక్ష 28 ప్రయోగాలను, 2,733 మందిని చూసింది. చప్పుడు చిన్నదవడం కంటే దాని మీది భయం, చిరాకు తగ్గడం అక్కడ కనిపించింది. వినడానికి ఇది నీరసమైన ఫలితం. రాత్రి నిద్రపోలేకపోతున్నవాళ్ళకు నీరసం కాదు. గదిలో సన్నటి చప్పుడు ఒకటి నడుస్తుండాలని ఆడియాలజిస్టులు చెబుతారు. మన ఇళ్ళల్లో ఆ పని ఏళ్ళ తరబడి ఫ్యాన్ చేస్తూనే ఉంది.

ఇదంతా చదివాక కూడా క్యాప్సూల్ వేసి చూడాలనిపించేవాళ్ళుంటారు. పన్నెండు వారాలకు గడువు పెట్టుకుని, రోజూ ఒకే వేళకు హోరుకు పదికి ఎన్ని మార్కులో రాసుకోవడం నయం. మూడు నెలల తర్వాత జ్ఞాపకం కన్నా ఆ నోటుబుక్కు నమ్మదగ్గది. వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందు వాడుతున్నవాళ్ళు, పిత్తాశయంలో రాళ్ళున్నవాళ్ళు డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టకూడదు. పసుపు సప్లిమెంట్ తోడై వార్ఫరిన్ ప్రభావం ప్రమాదకరంగా పెరిగిన సంగతిని న్యూజిలాండ్ ఔషధ భద్రతా సంస్థ 2018లో బయటపెట్టింది. అన్నిటికన్నా ముఖ్యం కాలేయం. మందుల వల్ల కలిగే కాలేయ నష్టాన్ని నమోదు చేసే అమెరికా పరిశోధక బృందం 2004 నుంచి 2022 దాకా చూసిన రోగుల్లో పసుపు సప్లిమెంట్లే కారణమని తేలినవి పది కేసులు. పదీ 2011 నుంచీ నమోదైనవే. ఐదుగురు ఆస్పత్రిలో చేరారు, ఒకరు చనిపోయారు. ఆ పది మందిలో ఏడుగురికి ఒకే జన్యురూపం ఉంది, హెచ్‌ఎల్‌ఏ-బి 35:01. ఎవరికుందో ముందుగా చూసి సీసా అమ్మే దుకాణం లేదు. ఇటలీ 2022లో ఈ సీసాల మీద హెచ్చరిక తప్పనిసరి చేసింది. 2023 జూన్ చివరికి ఆస్ట్రేలియా నియంత్రణ సంస్థ టీజీఏకు కాలేయ సమస్యల మీద 18 నివేదికలు చేరాయి. కోట్ల మంది వాడే సరుకులో ఇవి అరుదైన కేసులే. కానీ అరుదైనది కూడా గుర్తుపట్టగలిగితేనే ఆపగలం, ఇక్కడ గుర్తుపట్టడంలోనే ఒక మెలిక ఉంది. ఆకలి చచ్చిపోతుంది, వికారంగా ఉంటుంది, మూత్రం ముదురు రంగులో వస్తుంది, కళ్ళు పచ్చబడతాయి. చూసినవాళ్ళు ‘పసుపు తింటున్నావు కదా, ఆ రంగే’ అంటారు. కర్క్యుమిన్ కళ్ళకెక్కదు. కంట్లో కనపడే ఆ పచ్చదనం బిలిరుబిన్‌ది, దాని పేరు పచ్చకామెర్లు. ఆ రోజే క్యాప్సూల్ ఆపి, సీసా చేతపట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.